పక్కకు జరిగినవాళ్ళు

దామోదరం సారు నాకు వదిలివెళ్ళిన ఫిల్ముల పెట్టె మూత తీసిన ప్రతిసారీ ముక్కుకు పులుపు తగులుతుంది. పాత ఫిల్ము పాడవడం మొదలైతే అలాంటి వాసనే వస్తుందట. కుండలో మరిచిపోయిన గంజి పులిసినట్టు ఉంటుంది. మా ఇంట్లో ఎవరికీ ఆ వాసన పడదు. అందుకని పెట్టెను మేడ మీది గదిలో ఉంచి, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనొక్కదాన్నే వెళ్ళి తెరుస్తాను. అందులో ఉన్నవన్నీ బస్సులే. తిరుపతి బస్టాండులో, చిత్తూరు బస్టాండులో, పూతలపట్టు కూడలిలో, చంద్రగిరి దాటాక వచ్చే మలుపులో ఆగిన బస్సులు. చాలావాటికి ఇప్పుడు రేకు ముక్క కూడా మిగిలి ఉండదు. వారానికొక ఫోటో తీసుకుని నెట్‌లో పాత బస్సుల గ్రూపులో పెడతాను. ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తారు, తెగ మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా నాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోతుంది. ఎందుకో తెలియాలంటే ముందు దామోదరం సారు ఎవరో తెలియాలి. ఆయన్ని చూడనివాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఆయన నా మొదటి పై అధికారి. చిత్తూరులో ఒక బీమా ఆఫీసుకు మేనేజరు. నేను డిగ్రీ పాసై, పరీక్ష రాసి, ఆ ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాను. పొట్టి మనిషి, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. అందరికీ కోపం వస్తే గొంతు పెరుగుతుంది, ఆయనకు తగ్గేది. బాగా తగ్గిందంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే. నన్ను మరణించినవారి క్లెయిముల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నేను రాసిన మొదటి నోటు నాకిప్పటికీ గుర్తుంది. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చడంలో నేను పెద్ద పండితురాలిననుకుని, 'మృతుడు', 'మృతుని భార్య', 'మృతుని పాలసీ' అని పేజీ నిండా దంచేశాను. ఆయన నన్ను గదిలోకి పిలిపించారు. గొంతు తగ్గి ఉంది.

"ఏమ్మా భారతీ, ఈయనకి పేరు లేదా?"

"ఉంది సార్. పైన రాశాను."

"పైన ఒగసారి రాస్తే సరిపోతాదా? రేపు ఆయమ్మ వచ్చి ఈ కాగితం సదువుకుంటాది. వరసకొక మృతుడు కనపడితే ఆయమ్మ ఏం గావాల? పేరు రాయి. ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు రాయి. చెయ్యి నొప్పి పుడితే నాకు చెప్పు, నేను రాస్తా."

నేను కళ్ళనీళ్ళు మింగుకుంటూ మొత్తం తిరగరాశాను. ఆ తర్వాత చూస్తే, ఆయన చెప్పిందే చేసేవారు కూడా. భర్త పోయిన మనిషో, కొడుకు పోయిన తండ్రో ఆఫీసు మెట్లెక్కితే, ఆయన కుర్చీలోంచి లేచి నిలబడేవారు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, కాగితాల జోలికి పోకముందు "ఆయన ఎట్లాంటి మనిషమ్మా?" అని అడిగేవారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు వినేవారు. ఎడ్లంటే ప్రాణమిచ్చేవాడనీ, సంగటిలోకి నెయ్యి లేకపోతే అలిగేవాడనీ, బీమాకు ఏ సంబంధమూ లేని కబుర్లన్నీ. "సారు క్లెయిము చూస్తున్నారా, సంతాప సభ పెట్టారా" అని మేము వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఒకసారి ఆ మాట ఆయన చెవిన పడింది. ఆయన కూడా నవ్వేశారు. మనిషిని ఎలా పలకరించాలో నాకు తెలిసిందంటే అది ఆ గదిలోనే తెలిసింది.

మేమిద్దరం తిరుపతిలో ఉండి, రోజూ చిత్తూరుకు వెళ్ళివచ్చేవాళ్ళం. పొద్దున పూట ఒకే ఎర్రబస్సు. ఏళ్ళ తరబడి అదే బస్సు, అదే కండక్టరు. మేము కండక్టరన్న అనేవాళ్ళం. ఆయన సారును 'బీమా సారు' అనీ, నన్ను 'చిన్న మేడం' అనీ పిలిచేవాడు. ఎంత రద్దీ ఉన్నా మా రెండు సీట్ల మీద తన సంచి ఒకటీ, తువ్వాలు ఒకటీ వేసి కాపాడేవాడు. ఎవరైనా కూర్చోబోతే "ఆడ మనుషులుండారప్పా" అని దబాయించేవాడు. తాను మాత్రం చిత్తూరు దాకా నిలబడే వచ్చేవాడు. బస్సు కిక్కిరిసి కాలు పెట్టే చోటు లేకపోయినా "ముందుకు పోండప్పా, లోపల ఖాళీ ఉండాది" అని బొంగురు గొంతుతో అరిచేవాడు. ఖాళీ ఎక్కడుందో ఆయనకే తెలియాలని సారు నవ్వేవారు.

సారుకున్న పిచ్చి ఒక్కటే, బస్సుల ఫోటోలు. ఆ రోజుల్లో మా ఎరుకలో ఇంకెవరికీ లేని పిచ్చి. ఫిల్ము కెమెరా మెడలో వేసుకుని బస్టాండుకు ముందే వచ్చేవారు. డిపోలో కడిగిన బస్సు తడి ఆరకుండానే వచ్చి నిలిచేది. తూర్పు ఎండ దాని ముఖం మీద పడేది. ఆయన పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా అటు నుంచీ ఇటు నుంచీ చూసి, చివరికి కాస్త ఏటవాలుగా నిలబడి కెమెరా ఎత్తేవారు. అయితే ఆయనకొక పట్టుదల ఉండేది. ఫోటోలో బస్సు తప్ప మరేదీ పడకూడదు, మనిషి అసలే పడకూడదు. తిరుపతి బస్టాండులో అది జరిగే పనేనా? గుండ్లు కొట్టించుకున్న యాత్రికులు, మూటలు, పిల్లలు, పూలబుట్టలు. ఆ రద్దీని తోసే పని కండక్టరన్న తలకెత్తుకున్నాడు. చప్పట్లు కొడుతూ వచ్చేవాడు.

"జరగండప్పా, జరగండి, సారు బస్సును ఫోటో తీస్తా ఉండాడు. ఓ పెద్దాయనా, నిన్ను గాదు తీసేది, బస్సును. నవ్వినావంటే లాభం లేదు, ఇట్ల పక్కకి రా."

"బస్సుకు ఫోటో ఏందప్పా, దానికేమన్నా పెండ్లా?" అని ఒక పెద్దాయన అడగడం, అందరూ ఘొల్లుమనడం నాకు బాగా గుర్తు. జనమంతా జరిగాక "ఇంగ తీసుకోండి సార్" అని కండక్టరన్న కూడా పక్కకు తప్పుకునేవాడు. అప్పుడు సారు మీట నొక్కేవారు.

ఒకరోజు అడిగాను, "మనుషులుంటే ఏం సార్? బాగానే ఉంటుంది కదా."

"మనుషులు రేపు గూడా ఉంటారమ్మా," అన్నారాయన. "ఈ బస్సే ఉండదు. ఇంగ నాలుగేండ్లు తిరిగితే తుక్కు కింద కొట్టేస్తారు. పోయేదాన్ని గదా మనం దాచి పెట్టుకోవాల్సింది."

ఆ మాట నాకు వేదవాక్కు అయింది. ఇంత తెలివైన మాట నేను అంతవరకూ విననే లేదనిపించింది. కొన్నాళ్ళకు నేనూ ఒక చిన్న కెమెరా కొనుక్కున్నాను. ఎండ ఎటు ఉండాలో, అద్దాల మీద మెరుపు ఎలా తప్పించాలో, నేమ్‌బోర్డు అక్షరాలు చెదరకుండా ఎలా నిలబడాలో ఆయనే నేర్పారు. ఓపిక పట్టడం కూడా ఆయన దగ్గరే నేర్చుకున్నాను. నేర్చుకుని ఆయన్ని మించిపోయాను. ఆయన నీడ పడితే సరిపెట్టుకునేవారు, నేను నీడ పడినా ఊరుకునేదాన్ని కాదు. "మీ తువ్వాలు కిటికీలోంచి కనపడుతోందన్నా" అని కండక్టరన్న చేత నేను తువ్వాలు తీయించిన రోజులున్నాయి. మాకు సీటు పట్టిన తువ్వాలే అది.

కొంతకాలానికి ఆ బస్సులో కండక్టరు మారాడు. సీట్ల మీద సంచీ లేదు, తువ్వాలూ లేదు. "పాతాయన యాడప్పా?" అని సారు అడిగారు. కొత్తాయన టికెట్లు కొట్టే తొందరలో "ఆయన ఇంగ రాడు సార్" అని ముందుకు వెళ్ళిపోయాడు. "వేరే రూటుకు ఏసుంటార్లే" అన్నారు సారు. నేనూ సరే అనుకున్నాను. ఆ వారమంతా నిలబడి ప్రయాణం చేస్తూ మా సీట్లు పోయాయని గొణుక్కున్నాం. తర్వాత అలవాటైపోయింది. చనిపోయినవాళ్ళ ఇళ్ళ వివరాలు రోజంతా అడిగే ఆఫీసులో పనిచేస్తూ, మేమిద్దరం ఇంకొక ప్రశ్న అడగలేదు.

సారు రిటైరయ్యారు. చాలా ఏళ్ళకు, కెమెరాలు ఫోన్లలోకి వచ్చేశాక, పాత బస్సుల ఫోటోలంటే పడిచచ్చే మనుషులు లోకంలో బోలెడంతమంది ఉన్నారనీ, వాళ్ళందరికీ నెట్‌లో ఒక గ్రూపు ఉందనీ నేనే కనిపెట్టాను. ఆయనకు చెబితే నమ్మలేదు. ప్రింట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, మొదటగా మా పొద్దుటి బస్సు ఫోటో పెట్టాం. ఆయనకు టైపింగు రాదు గనక ఆయన చెప్పింది నేను రాసేదాన్ని. ఏ సంవత్సరపు బండి, ఏ షెడ్డులో బాడీ కట్టింది, గ్రిల్లు ఎప్పుడు మార్చారు, ఇవే వివరాలు. సాయంత్రానికి పొగడ్తలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. 'ఒక్క మనిషి కూడా అడ్డం లేడు, అంత రద్దీలో ఎలా తీశారు సార్?' అని ఒకరు రాశారు. ఆ వాక్యాన్ని సారు నా చేత ఫోన్లో రెండుసార్లు చదివించుకున్నారు. కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడుతున్నట్టు గొంతులోనే తెలిసింది. ఆ రెండు మూడేళ్ళు మా ఇద్దరికీ పండగే. ఇంకొకరి ఫోటోలో ఎవరైనా నిలబడి ఉంటే 'ఆ మనిషి లేకపోతే అద్భుతంగా ఉండేది' అని నేను పెద్దరికంగా సలహాలిచ్చేదాన్ని.

ఆ పొద్దుటి బస్సు ఫోటో కిందే ఒకరోజు ఈ నాలుగు ముక్కలు కనిపించాయి.

'నమస్తే సార్. ఈ బస్సులో మా నాయన కండక్టరు. పేరు మునస్వామి. నాకు మూడేండ్లప్పుడు గుండెనొప్పితో పోయినాడు. నాకు ఆయన మొగం గుర్తు లేదు. ఇంట్లో ఉన్న ఫోటోలు వానకు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. మీ దగ్గర యాడన్నా మా నాయన కనపడే ఫోటో ఉంటే దయచేసి పెట్టండి. రేవతి, పాకాల.'

మునస్వామి ఎవరా అని ఒక్క క్షణం ఆలోచించాను. అంతలో తెలిసింది. ఆయన పేరు మునస్వామి అనీ, ఆయన చనిపోయాడనీ నాకు ఒకేసారి తెలిసింది. వెంటనే, ఇంకేమీ ఆలోచించకుండా జవాబు రాసేశాను. 'తప్పకుండా అమ్మా. ఆ బస్సు ఫోటోలు మా దగ్గర లెక్కలేనన్ని ఉన్నాయి. మీ నాన్నగారు మాకు బాగా తెలుసు.' బాగా తెలుసు అని రాసిన ఆ చేతిని ఏమనాలో నాకిప్పటికీ తెలియదు. ఆ పిల్ల వెంటనే రాసింది: 'అమ్మకు చెప్పినాను మేడం. ఏడుస్తా ఉండాది. ఎదురుచూస్తా ఉంటాము.'

ఆ మర్నాడే సారు ఇంటికి వెళ్ళాను. ప్రింట్లన్నీ కంప్యూటర్లో ఒకటొకటిగా చూశాం. బస్సు. మళ్ళీ బస్సు. వానలో తడిసిన బస్సు, ఆయుధపూజకు అరటి పిలకలు కట్టిన బస్సు, బోర్డు మార్చిన బస్సు. ఎంత శుభ్రంగా ఉన్నాయో! సారు కిటికీలు పెద్దవి చేసి చూశారు, పక్క అద్దాలు పెద్దవి చేసి చూశారు, వెనక తలుపు దగ్గరి చీకటిని పెద్దది చేసి చూశారు.

"ఉండాల గదమ్మా," అన్నారు. "ప్రతి దినమూ ఆడనే ఉండె గదా ఆయన."

"ఉండె సార్. మనం జరగమంటే జరిగె," అన్నాను. అనాలని అనలేదు. నోట్లోంచి వచ్చేసింది. సారు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

స్టూడియోవాళ్ళు ప్రింటు వేసేటప్పుడు అంచులు కొద్దిగా కోసేస్తారు, నెగెటివ్‌లో ఆ కాస్తా ఉంటుంది. ఆ ఆశతో పెట్టె తీశాం. కిటికీ వెలుగుకు ఒక్కొక్క ముక్కా ఎత్తి పట్టుకుని చూశాం. సాయంత్రం దాకా చూడగా ఒకదానిలో, అంచున, తలుపు కడ్డీ పట్టుకున్న ఒక కుడిచెయ్యి కనిపించింది. కాకీ చొక్కా చేతి మడత, మణికట్టు, కడ్డీ చుట్టూ వేళ్ళు. "దొరికినాడు!" అని సారు చిన్నపిల్లాడిలా కేక పెట్టారు. లోపలి నుంచి ఆయన భార్య కంగారుగా పరిగెత్తుకొచ్చింది. ఆమెకు చూపించబోయి ఆయనే ఆగిపోయారు. "చెయ్యే గదమ్మా," అన్నారు నాతో. "బిడ్డ మొగం అడిగింది."

ఫోటో దొరకలేదని గ్రూపులో రాసేద్దామన్నాను. ఆయన గొంతు తగ్గింది. "ఆశ పెట్టినాము. లేదనే మాట ఫోన్లో గాదు చెప్పేది. ఇంటికి పోవాల." ఆ చేతిని ప్రింటు వేయించి, కవరులో పెట్టుకుని, రేవతిని ఇంటి గుర్తులు అడిగి, మేమిద్దరం పాకాలకు బస్సెక్కాం. దారి పొడవునా ఆయన ఒక్క బస్సును కూడా తల తిప్పి చూడలేదు.

రేవతి ఒక ప్రైవేటు బడిలో టీచరు. రెండు గదుల ఇల్లు, ముందు వసారా. మేము గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే వాళ్ళమ్మ ఎదురొచ్చింది. సారును చూసి ఆమె మొహం వికసించింది.

"మీరేనా సార్ బీమా సారు! రండి, రండి. మా ఆయన దినమూ మీ మాటే చెప్తా ఉండె. 'మా బస్సులో ఒగ సారు వస్తాడు, నా బస్సును ఫోటో తీస్తాడు, జనాన్ని నేనే జరిపిస్తా' అని. టికెట్లు కొట్టేదానికన్నా అదే పెద్ద డ్యూటీ ఆయనకు."

సారు కూర్చున్నారు గానీ నవ్వలేకపోయారు. ఆమె కాఫీ తెచ్చి, గోడకానుకుని కూర్చుని చెప్పుకుపోతోంది.

"ఒగ దినము కొత్త కాకీ గుడ్డలు కుట్టించినాడు సార్. ఇస్త్రీ జేపించి, తలకు నూనె బెట్టుకొని, 'ఈ పొద్దు సారును అడుగుతానే, నన్ను గూడా బస్సు పక్కన నిలబెట్టి ఒగటి తీయమని' అని చెప్పి పోయినాడు. సాయంత్రం వస్తానే అడిగినా, తీసినాడా అని. 'రీలు అయిపోయిందంటనే, ఇంగో దినము తీస్తానన్నాడు' అనె. ఆ ఇంగో దినము యాడన్నా తీసింటారేమో అని మాకు ఆశ."

ఆ పొద్దు నాకు గుర్తొచ్చింది. గంజి పెట్టిన కాకీ బట్టల్లో మునస్వామి బిగుసుకుని తలుపు పక్కన నిలబడటం, సారు "రీలు అయిపోయిందప్పా" అనడం, ఆయన "పర్వాలేదు సార్" అని పక్కకు తప్పుకోవడం. అదే రోజు చిత్తూరులో దిగాక సారు ఇంకో రెండు ఫోటోలు తీశారు. బెంగుళూరు రూటుకు కొత్త బస్సు వస్తుందని తెలిసి, రీలులో మిగిలినవాటిని దానికోసం దాచుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఆ రెండు ఫోటోలూ గ్రూపులో ఉన్నాయి, బాగా పేరొచ్చినవే.

సారు ఊరుకుని ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కాఫీ గ్లాసు కింద పెట్టి, "రీలు అయిపోలేదమ్మా," అన్నారు.

"ఏం సార్?"

"రీలు ఉన్నింది. ఇంగో బస్సుకని పెట్టుకున్నా. మునస్వామికి అబద్ధం జెప్పినా."

రేవతి తల్లి వైపు చూసింది. ఆ తల్లి చీర కొంగు సర్దుకుంది, గ్లాసులు దగ్గరకు లాక్కుంది. కాసేపటికి "పోనీలే సార్, ఆయనకి తెలీదు గదా," అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట విన్నప్పుడు సారు మొహం ఎలా అయిందో నేను రాయలేను.

చివరికి ఆయన కవరు తీసి ఆమె చేతికిచ్చారు. "ఇదొక్కటే దొరికిందమ్మా. చెయ్యి మాత్రమే." ఆమె దాన్ని గుమ్మం దగ్గరికి, వెలుగులోకి తీసుకుపోయింది. కళ్ళు చికిలించి చూసింది. వేలితో ఆ వేళ్ళ మీద రాసి చూసింది. తిరిగొచ్చి, మమ్మల్ని నొప్పించకూడదన్నట్టు మెల్లగా చెప్పింది.

"ఇది ఆయన చెయ్యి గాదు సార్. ఆయనకు కుడిచేతి చూపుడు వేలు సగమే ఉండె. చిన్నప్పుడు చెరుకు గానుగలో పడి నలిగిపోయింది. దీనికి అన్ని వేళ్ళూ ఉండాయే. డ్రైవరుదేమో."

మునస్వామి ఆ చేత్తోనే ఏళ్ళ తరబడి మాకు టికెట్లు చింపి ఇచ్చాడు. చిల్లర లెక్కపెట్టి నా అరచేతిలో పోశాడు. చప్పట్లు కొట్టి జనాన్ని జరిపాడు. సగం వేలు మేము ఎన్నడూ చూడలేదు. బస్సు గ్రిల్లులో ఒక పట్టీ మారితే కనిపెట్టిన మనుషులం.

"నాయనకు వేలు లేదా మా? నాకెప్పుడూ చెప్పలేదే," అంది రేవతి. తర్వాత నా వైపు తిరిగి అడిగింది. "మీరు దినమూ చూసినారు గదా మేడం. బాగా తెలుసునని గూడా రాసినారు. మా నాయన ఎట్లుంటాడో మీరన్నా చెప్పండి."

నేను కళ్ళు మూసుకుని వెతికాను. కాకీ చొక్కా వచ్చింది, సంచి వచ్చింది, తువ్వాలు వచ్చింది. వాటి పైన ముఖం రాలేదు. ఏదో ఒకటి చెప్పాలి గదా. "గొంతు బాగా గుర్తుందమ్మా," అని, 'ముందుకు పోండప్పా, లోపల ఖాళీ ఉండాది' అని ఆయనలాగే బొంగురుగా అని చూపించాను. వాళ్ళమ్మ గబుక్కున నవ్వేసింది. నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది, "అట్లే అంటాండె, అచ్చం అట్లే" అంది. రేవతి నవ్వలేదు.

"నేను మొగం అడిగినాను మేడం," అంది.

తిరిగి వచ్చే బస్సులో సీట్లు ఖాళీగానే ఉన్నాయి. సారు కూర్చోబోతూ కండక్టరును పేరు అడిగారు. ఆ అబ్బాయి బెదిరిపోయాడు. కండక్టరును పేరు అడిగితే పైవాళ్ళకు ఫిర్యాదు రాయడానికేనని లెక్క. "ఎందుకు సార్? ఏమన్నా తప్పు జేసినానా?" అన్నాడు. "నువ్వు గాదప్పా," అని సారు కిటికీ వైపు తిరిగిపోయారు. తిరుపతిలో దిగాక, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నారు కదా, ఇంకెందుకు బాధపడతారని నేను సముదాయించబోయాను. "ఆఫీసులో నీకు పేరు రాయమని నేర్పించినా గదమ్మా," అన్నారు. "నేను నేర్చుకోకుండానే నీకు నేర్పించినట్టుండా." ఆ తర్వాత నేను ఆయనతో వాదించలేదు. ఆయన అన్నది నిజమే. కానీ ఆయన నేర్పింది నాకు ఒంటబట్టిన మాట కూడా నిజం. నన్ను తీర్చిదిద్దిన మనిషిని నేను గౌరవంగా తలుచుకోబోయిన ప్రతిసారీ ఆ గంజి పెట్టిన కాకీ బట్టలు అడ్డొస్తాయి. పక్కనే నేనూ ఉంటాను, రీలు సంగతి తెలిసీ నోరు మూసుకుని.

సారు మళ్ళీ గ్రూపులో ఏమీ పెట్టించలేదు. పొద్దున్నే బస్టాండుకు వెళ్ళి కూర్చునేవారట, కెమెరా లేకుండా. ఒకసారి వెతుక్కుంటూ వెళితే, సోడా బండి అతనితో వాళ్ళ ఊరి సంగతులు మాట్లాడుతూ కనిపించారు. మరుసటి వేసవిలో ఆయన పోయారు. కర్మకాండలయ్యాక ఆయన భార్య ఈ పెట్టె నాకు ఇచ్చింది. "నీకే ఇమ్మన్నారు భారతీ. ఫోటోలు పెడితే ఊరికే పెట్టొద్దన్నారు. పక్కకి జరిగినోళ్ళు ఎవురో అడిగి పెట్టమన్నారు," అంది. నాకు అర్థమైంది.

అందుకే ఇప్పుడు ఫోటో కింద బండి వివరాలు ఒక్క వరసలో ముగించి, ఆ రోజు ఈ బస్సు పక్కన ఎవరుండేవారో తెలిసినవాళ్ళు చెప్పండని అడుగుతున్నాను. కొందరు చెబుతారు. డ్రైవరు మా పెద్దనాన్న అని ఒకరు, ఆ మూలన మా అవ్వ మల్లెపూలు అమ్మేదని ఒకరు. 'ఇది బస్సుల గ్రూపు మేడం, మనుషుల గ్రూపు కాదు' అని ఒక పెద్దమనిషి విసుక్కున్నాడు. బస్సు దానంతటదే తిరుపతికి నడిచొచ్చిందా అని నేనూ గట్టిగానే ఇచ్చుకున్నాను. ఇచ్చుకున్న తర్వాత, కొన్నేళ్ళ కిందట నేను రాసిన సలహాలు గుర్తొచ్చాయి. ఇప్పుడు నేను తీసే ఫోటోల్లో మనుషులుంటారు. నిలబడండి అంటే సిగ్గుపడతారు, చొక్కాలు సర్దుకుంటారు, బిగుసుకుపోతారు. దీనివల్ల పాకాలలో ఆ ఇంటికి ఒరిగింది ఏమీ లేదని నాకు తెలుసు.

మా పొద్దుటి బస్సు ఫోటోను తీసేయలేదు. దాని కింద నేను రాసిన పాత వివరాలన్నీ తుడిచేసి ఇలా రాశాను: 'ఈ ఫోటోకు కుడి పక్కన, కెమెరాకు అందనంత దూరంలో, కండక్టరు మునస్వామి నిలబడి ఉన్నారు. ఆయన కుడిచేతి చూపుడు వేలు సగమే ఉంటుంది. ఆయన తన ఫోటో తీయమని అడిగారు, మేము తీయలేదు. పక్కకు జరగమన్నది కూడా మేమే.' రేవతి ఆ గ్రూపులో ఇంకా ఉంది. ఇతరుల ఫోటోల కింద ఎప్పుడైనా ఒకటి రెండు మాటలు రాస్తుంది. దీని కింద మాత్రం ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరం ఆమెకేముంది, నేనేమీ ఎదురుచూడటం లేదని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను. అబద్ధం. ఫోను మోగిన ప్రతిసారీ ముందు ఆ పిల్ల పేరు కోసమే చూస్తాను.